లాడ్జి నడుమ పొయ్యి

ఉమాకాంత్‌కు జన్మకో మంచి ఆలోచన వచ్చింది. అదీ అతనిది కాదు.

ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే కాదనడు, తల దించుకుంటాడు. అనవలసిన రోజున, అనవలసిన మనుషుల ముందు మాత్రం అనలేదు. మనిషి చెడ్డవాడా అంటే అదీ కాదు. పొరుగింటివాళ్ల పాలప్యాకెట్టు పొరపాటున తన గుమ్మంలో పడితే తలుపు తట్టి మరీ ఇచ్చివచ్చే రకం. అలాంటివాడు ఒక ముసలామె నోటి మాటను తీసి తన జేబులో వేసుకున్నాడంటే అది ఉన్నపళంగా జరిగిపోయింది కాదు. వెనక ముప్పై ఏళ్ల పిరికితనం ఉంది.

సూరత్ నుంచి డుమస్ వెళ్లే దారిలో, సముద్రం కనబడకముందే ఉప్పుగాలి ముఖానికి తగిలే చోట, 'సాగర్‌ఛాయ' అనే విడిది ఉంది. ఒక ప్రభుత్వరంగ కంపెనీ ఉద్యోగుల సంఘం ఎప్పుడో ఎనభైలలో కట్టుకున్నది. చుట్టూ పద్దెనిమిది కాటేజీలు, నడిమధ్యన పెద్ద లాడ్జి. సెలవులకు పిల్లాపాపలతో వచ్చే ఉద్యోగులందరూ ఆ లాడ్జి హాల్లో చేరి కబుర్లాడుకుంటారని కట్టినవాళ్ల ఊహ. కొన్నాళ్లు చేరారు కూడా. తర్వాత కాటేజీల్లో టీవీలు వచ్చాయి, ఆ తర్వాత చేతుల్లో ఫోన్లు వచ్చాయి. హాల్లో మాత్రం కాలు విరిగిన క్యారమ్ బల్ల, ప్లాస్టిక్ తొడుగు ఇంకా తీయని సోఫాలు, చేపలు చచ్చిపోయి గులకరాళ్లు మిగిలిన గాజుపెట్టె ఉండిపోయాయి. వచ్చినవాళ్లు తాళంచెవి తీసుకోవడానికి ఒకసారి, తిరిగి ఇవ్వడానికి ఒకసారి ఆ హాల్లో అడుగుపెట్టేవారు. భోజనం కాటేజీకే క్యారియర్లలో వెళ్లిపోయేది.

ఉమాకాంత్ ఆ విడిదికి మేనేజరు. కంపెనీలో పనిచేసి ముందుగానే రిటైరయ్యాక సంఘంవాళ్లే పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. యాభై ఏడేళ్లవాడికి అంతకంటే ఏం కావాలి? రోజూ ఆల్థాన్‌లోని ఫ్లాట్ నుంచి స్కూటర్ మీద వచ్చి, సాయంత్రం దాకా ఉండి, 'మేనేజర్ సాబ్' అనిపించుకుని ఇంటికి వెళ్లేవాడు.

ఆ వేసవిలో సంఘం అధ్యక్షుడు జయంతీభాయ్ అతన్ని పిలిచి ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"లాడ్జికి మళ్లీ ప్రాణం రావాలి, ఉమాకాంత్‌భాయ్. నెల రోజుల్లో ఏదైనా మంచి ఆలోచన పట్టుకురా. లేదంటే మొత్తం విడిదిని బయటి కంపెనీకి అప్పగించేస్తాం. వాళ్ల మేనేజరును వాళ్లే తెచ్చుకుంటారు."

ఆ చివరి మాటే ఉమాకాంత్‌కు నిద్రపట్టకుండా చేసింది. తెల్లకాగితం ముందేసుకుని రాయడం మొదలుపెట్టాడు. ఒకటి, ఈత కొలను. రెండు, డీజే ఫ్లోరు. మూడు, గుమ్మం ముందు ఫైబర్ డాల్ఫిన్. ఏడో అంశం దగ్గర సెల్ఫీ పాయింట్ అని రాసి, తొమ్మిదో అంశం దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయి మళ్లీ సెల్ఫీ పాయింట్ అనే రాశాడు. భార్య ఉషాదేవి కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది. ఆమెది రాజమండ్రి, బ్యాంకు అధికారి కూతురు. ఏదైనా సరే నెమ్మదిగా అంటుంది కానీ అనకుండా ఉండదు.

"ఏమండీ, సముద్రం పక్కన ఈత కొలనెందుకండీ?"

"ఆ సముద్రంలో ఎవరు దిగుతారు? అంతా నల్లటి బురద."

"మరి దానికోసం వచ్చేవాళ్లేగా మీ దగ్గర దిగేది?"

అతను కాగితం మడిచి పెట్టేశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ కాగితాన్ని లాడ్జి వెనక వంటింట్లో చిన్నవ్వకు చదివి వినిపించాడు. చిన్నవ్వ ఆ విడిది వంటమనిషి. డెబ్బై దగ్గరపడుతున్నాయి. నడుము కొంచెం వంగింది గానీ నాలుక వంగలేదు. ఆమెకు చదివి వినిపించడం సలహా కోసం కాదు, ఊరికే చెవిలో వేసుకుంటుందని. పరాయివాళ్ల ముందు ఆమె అతన్ని 'సారు' అంటుంది. ఎవరూ లేనప్పుడు 'బిడ్డా' అంటుంది. ఎందుకంటే ఈ మేనేజర్ సాబ్, సిరిసిల్ల పక్కనున్న పల్లె నుంచి ఇరవై రెండేళ్ల వయసులో చేతిసంచితో సూరత్‌లో దిగినప్పుడు, వడోద్‌లో ఆమె నడిపే మెస్సులోనే రెండేళ్లు తిన్నాడు. సాంచెలని వాళ్లు పిలుచుకునే మరమగ్గాల మీద పనిచేసే మగవాళ్లు ఒక్కో గదిలో ఎనిమిదేసి మంది ఉండేవారు. ఆ గదుల్లో ఒకదానిలో ఉంటూ, కంపెనీలో అప్రెంటిసు చేసుకుంటూ, పూటపూటకూ ఆ పొయ్యి దగ్గరికే వచ్చేవాడు. ఉద్యోగం పర్మనెంటు అయ్యాక వడోద్ వదిలాడు. ఆ యాసను కూడా వడోద్‌లోనే వదిలేశాడు. పెళ్లిచూపుల్లో 'హాస్టల్లో ఉండేవాణ్ణి' అన్నాడు. అప్పటినుంచి ఆ మాట మీదే నిలబడ్డాడు. ఆరేళ్ల కిందట మెస్సు మూతపడి చిన్నవ్వ దిక్కులేకుండా ఉందని తెలిసి ఇక్కడ పనిలో పెట్టించింది అతనే. ఎలా తెలుసని అడిగినవాళ్లకు 'మా వైపు మనిషి' అని ఊరుకున్నాడు. ఆమె కూడా ఏనాడూ ఎవరి ముందూ నోరు జారలేదు.

ఆమె క్యారియర్ గిన్నెల్లో పప్పు పోస్తూ పదకొండు అంశాలూ విన్నది.

"గివన్ని వెడితే లాడ్జిలకు జనం వస్తరా?"

"వస్తారు."

"ఎందుకొస్తరు బిడ్డా? కడుపుకు కావల్సింది మంచం కాడికే పంపుతున్నం గదా." గరిటె పక్కన పెట్టింది. "వడోద్‌ల నా మెస్సుకు నలభై మంది వచ్చేటోళ్లు. ఒక్కనికన్న డబ్బా కట్టిచ్చిన్నా? జెరమొచ్చినోనికి తప్ప? పన్నెండు గంటలు సాంచెల మోతల నిలవడొస్తరు. అండ్ల ఒకని మాట ఒకనికి ఇనవడదాయె. పొయ్యి సుట్టూ కూసుంటె అప్పుడు నోరొస్తుండె. నేను గిన్నె మీద గిన్నె దించుతనే ఉంటి, ఆళ్లు ముచ్చట వెడ్తనే ఉండిరి. నువ్వు కూసోలేదా?"

ఉమాకాంత్ గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరు.

"మీరేమో ఈడికొచ్చిన ప్రతోనికి డబ్బా పంపుతున్రు," అంది చిన్నవ్వ. "అందర్ని జెరమొచ్చినోళ్లను చేసిన్రు."

అతను నవ్వబోయి ఆగిపోయాడు.

"డబ్బాలు బందు వెట్టున్రి. గా కాలిరిగిన బల్ల తీసేసి హాలు నడుమల పొయ్యి వెట్టున్రి. నేను సర్వపిండి చేస్త. పిండి ముద్ద పిల్లల చేతులవెట్టి, గిన్నెకు వత్తున్రి, ఏలుతోని తూట్లు పొడువున్రి అంట. పిల్లలు ఇడ్సిపెడ్తరా? పిల్లలొస్తె తల్లులొస్తరు, తల్లులొస్తె ఆళ్లెనక గా ఫోన్లు వట్టుకున్నోళ్లు గూడ వస్తరు." గొంతు తగ్గించి అంది. "నాకు గూడ బాగుంటది బిడ్డా. ఈ గోడెన్క నిలవడి వండుడే గని, తినేటోని మొఖం సూడక ఆరేండ్లాయె."

పదకొండు అంశాల కాగితం ఉమాకాంత్ చేతిలో ఉత్త చిత్తుకాగితమైపోయింది. ఇన్నాళ్లూ లాడ్జిలో ఏం పెట్టాలా అని తను బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే, లాడ్జి నుంచి ఏం బయటికి పోతోందో ఈమె చూసింది.

"కమిటీలో చెప్తానవ్వా," అన్నాడు.

"నా పేరు చెప్తవా?"

"చెప్తాను."

ఆమె నవ్వింది. పళ్లు నాలుగే ఉన్నా నిండుగా నవ్వింది.

కమిటీ శనివారం లాడ్జిలోనే కూర్చుంది. ఉమాకాంత్ ముందుగా డాల్ఫిన్ గురించి చెప్పాడు. ఎందుకు చెప్పాడో దేవుడికే తెలియాలి. రాసుకొచ్చింది వృథాపోకూడదనుకున్నాడేమో. జయంతీభాయ్ ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. పక్కనున్న ఇంకో పెద్దమనిషి, "ఇది విడిదా, పెళ్లి మండపమా?" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడు చెమట తుడుచుకుని, కాగితం మడిచి, పొయ్యి సంగతి ఎత్తుకున్నాడు. డబ్బాల సంగతి, జ్వరం సంగతి, పిల్లల చేతికి పిండిముద్ద ఇచ్చే సంగతి, అన్నీ ఆమె చెప్పిన వరసలోనే చెప్పాడు. జయంతీభాయ్ ఫోను బోర్లించి పెట్టాడు.

"వాహ్! ఇది ఎవరి ఆలోచన?"

ఇంత సూటిగా అడుగుతారని అతను అనుకోలేదు. 'మా వంటామెది' అంటే చాలు, రెండే రెండు మాటలు. కానీ ఆ తర్వాత ఆమెకెలా తెలుసంటారు. వడోద్‌లో మెస్సు నడిపేది అనాలి. నీకెలా తెలుసంటారు. అక్కడ తిన్నాననాలి. ఇప్పుడు నవ్విన ఈ పెద్దమనుషులే మళ్లీ నవ్వుతారు. వంటామెను అడిగి చెప్పేదానికి మేనేజరెందుకని కూడా అంటారు. ఇదంతా రెప్పపాటులో బుర్రలో తిరిగింది.

"నాదే సార్," అన్నాడు.

అన్నాక నోరు ఆగలేదు. చిన్నప్పుడు మా నానమ్మ పొయ్యి చుట్టూ మేమంతా కూర్చునేవాళ్లమనీ, ఆ జ్ఞాపకం లోంచి పుట్టిందనీ కథ అల్లేశాడు. నిజానికి ఆ నానమ్మ అతను పుట్టకముందే పోయింది.

"బహుత్ ఖూబ్," అన్నాడు జయంతీభాయ్. "రేపే పని మొదలుపెట్టిద్దాం. కానీ పొయ్యి దగ్గర హోటల్ చదువు చదివినవాడు ఉండాలి. టోపీ, ఏప్రాన్, శుభ్రంగా ఉండాలి. ఆ ముసలావిడ వెనక పిండి కలిపి ఇస్తే చాలు. హాల్లోకి మాత్రం వద్దు, చూసేవాళ్లకు బాగుండదు."

ఉమాకాంత్ తల ఊపాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఇక్కడ సొమ్ముగలామెను గోడ వెనక్కి నెట్టడానికి కూడా సోకు చేసుకున్నవాడే తల ఊపాడు.

బయటికి వచ్చేసరికి చిన్నవ్వ వంటింటి మెట్ల మీద కొంగు సవరించుకుంటూ నిలబడి ఉంది.

"ఒప్పుకున్నారవ్వా."

"నా పేరు చెప్పినవా?"

"చెప్పాను."

ఆమె లోపలికి వెళ్లి, రొంటిన దోపుకున్న చిన్న ఫోను తీసి, వడోద్‌లో ఉండే పరుశురాంకు కలిపింది. ఒకప్పుడు మెస్సులో తిన్నవాడే, ఇప్పటికీ అక్కడే సాంచెల మీద పనిచేస్తున్నాడు. ఆమె గొంతు గోడ ఇవతల ఉమాకాంత్‌కు వినబడింది. "పరుశురాం, ఇన్నవా? గంత పెద్ద కమిటీల మన ఉమాకాంత్ నా పేరు చెప్పిండట. నేను చెప్పిన ముచ్చట అందరు ఒప్పుకున్నరట."

అతను తేలుకుట్టిన దొంగలా ఆఫీసు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

ఆ తర్వాతి రోజులు చిత్రంగా గడిచాయి. హాలు నడుమ గుండ్రంగా గట్టు లేచింది. దానిమీద నాలుగు పొయ్యిలు, పైన రాగిరంగు పొగగొట్టం, చుట్టూ పొట్టి పీటలు. ఉమాకాంత్‌ను చూసిన ప్రతివాడూ భుజం తట్టాడు. సంఘం పత్రికలో అతని ఫోటో వేసి, కింద 'నానమ్మ పొయ్యి నుంచి' అని శీర్షిక పెట్టారు. ఉషాదేవి ఆ పత్రికను ఆల్థాన్‌లో పై అంతస్తువాళ్లకూ కింది అంతస్తువాళ్లకూ చూపించి వచ్చింది. ఎప్పుడూ అతని ఆలోచనలకు వంకలు పెట్టే మనిషి, ఆ రోజు అతనికి ఇష్టమని గుత్తివంకాయ కూర చేసింది. ఆ ముద్ద మింగుడుపడలేదు. 'కాదు ఉషా' అని రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ 'ఉప్పు తక్కువైంది' అని ముగించాడు.

చిన్నవ్వ మాత్రం పని జరిగినన్నాళ్లూ రోజుకు పదిసార్లు వచ్చి చూసేది. గట్టు మరీ ఎత్తు కట్టకండి, పిల్లలకు అందాలంటూ మేస్త్రీలకు తన హిందీలో చెప్పేది. అడుగు మందంగా ఉన్న తన నాలుగు గిన్నెలనూ బూడిదతో తోమి అద్దాల్లా చేసి పెట్టుకుంది.

ప్రారంభానికి మూడు రోజుల ముందు ఇక తప్పదని ఉమాకాంత్ చెప్పాడు. పొయ్యి దగ్గర అభిషేక్ అని కొత్త కుర్రవాడు, హోటల్ కోర్సు చేసినవాడు నిలబడతాడనీ, ఆమె లోపల పిండి కలిపి ఇస్తే చాలనీ, ఈ వయసులో సెగ దేనికనీ.

"సెగనా?" అంది చిన్నవ్వ. "నా బతుకంత సెగ కాడనే గాలేదా?"

"కమిటీ మాట అవ్వా."

"నేను చెప్పిన పొయ్యి కాడ నన్ను నిలవడొద్దన్నరా? ఆలోచన నాది అని నువ్వు చెప్పినవు గదా. చెప్పినంక గూడ వద్దన్నరా?"

ఉమాకాంత్ గోడకున్న క్యాలెండరు వైపు చూస్తూ, "ఆ. చెప్పినాక కూడా వద్దన్నారు," అన్నాడు.

ఆమె "సరే తీ. పెద్దోళ్లు," అని బియ్యప్పిండి జల్లెడ పట్టడానికి కూర్చుంది. ఆ క్షణంలో తనను తాను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది ఉమాకాంత్‌కు. అనిపించింది, అంతే.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. ఆ రోజు ఒక్క క్యారియరు కూడా కాటేజీకి వెళ్లలేదు. కమిటీ సభ్యులు, వాళ్ల కుటుంబాలు, పద్దెనిమిది కాటేజీల జనం. ఉషాదేవి పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. జయంతీభాయ్ రిబ్బను కత్తిరించి, ఉమాకాంత్ మెడలో దండ వేసి, నానమ్మ కథ అందరికీ గుజరాతీలో మళ్లీ చెప్పాడు. దండ మెడకు గుచ్చుకుంటోంది.

అభిషేక్ తెల్లటోపీ పెట్టుకుని మొదటి సర్వపిండి బాగానే దించాడు. చిక్కు రెండోదానికి వచ్చింది. అదే గిన్నె, ఇంకా సెగలు కక్కుతోంది, అందులోనే పిండిముద్ద పెట్టి వత్తబోయాడు. చెయ్యి చురుక్కుమంది. పిండి సగం వేళ్లకూ సగం గిన్నెకూ అంటుకుని చీలికలైపోయింది. గరిటెతో వత్తాడు, ముక్కలైంది. ఉల్లిపాయ మాడిన వాసన లేచింది. ఆకలి మీదున్న పిల్లలు పీటల మీద కాళ్లాడించడం మొదలుపెట్టారు. ఒకరిద్దరు తల్లులు కాటేజీలవైపు చూశారు.

వంటింటి తలుపు తెరుచుకుంది. చేతిలో నాలుగు గిన్నెలు, భుజాన తడిబట్ట వేసుకుని చిన్నవ్వ వచ్చేసింది.

"గిన్నె సల్లారకముందే పిండి వత్తుతవా కొడుకా, చెయ్యి కాలదా?" అంటూ అభిషేక్ వేళ్లకు తడిబట్ట చుట్టింది. "ఒకటి కాలుతుంటె ఒకటి సల్లారాలె. గందుకే నాలుగు గిన్నెలు."

జయంతీభాయ్ లేవబోయాడు. ఈలోపే ఆమె పిండిముద్దలు పిల్లల చేతుల్లో పెట్టేసింది. చల్లని గిన్నెల్లో చిన్నచిన్న వేళ్లు పిండిని పరిచాయి, తూట్లు పొడిచాయి, ఆ తూట్లలో ఆమె నూనె చుక్కలు వేసింది. పల్లీలూ నువ్వులూ వేగిన కమ్మటి వాసన లేచింది. తల్లులు వచ్చారు. వెనక ఫోన్లు పట్టుకున్నవాళ్లు వచ్చి, కాసేపు ఫోటోలు తీసి, తర్వాత ఫోన్లు జేబుల్లో పెట్టుకుని చేతులు చాపారు. ఒకే కంపెనీలో పాతికేళ్లు పనిచేసి ఎన్నడూ పలకరించుకోనివాళ్లు, నాది కరకరలాడుతోంది చూడు, నాది మెత్తగా ఉంది చూడు అనుకుంటున్నారు. జయంతీభాయ్ మళ్లీ కూర్చుని, తనూ ఒకటి తీసుకున్నాడు. ఉమాకాంత్ చేతిలోకీ పళ్లెం వచ్చింది. ఇన్నేళ్లకు ఆ రుచి నాలుకకు తగిలేసరికి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడే గుమ్మంలో ఐదుగురు మనుషులు తడబడుతూ నిలబడ్డారు. అందరూ అరవై దగ్గరపడినవాళ్లే. ఇస్త్రీచేసిన చొక్కాలు, కొత్తగా గీసుకున్న గడ్డాలు.

"రాన్రి, రాన్రి! గక్కడ్నే నిలవడ్డరేంది?" అని చిన్నవ్వ కేకేసింది. ఆమే పిలిచిందన్నమాట. ఉమాకాంత్‌కు చేతిలో పళ్లెం బరువెక్కింది.

ముందున్న పరుశురాం నేరుగా జయంతీభాయ్ దగ్గరికి వెళ్లి, రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకున్నాడు. సాంచెల దగ్గర బతికినవాడికి నెమ్మదిగా మాట్లాడటం రాదు. హాలంతా వినబడేలా హిందీలో అన్నాడు.

"సేఠ్, మీది పెద్ద మనసు. మా అవ్వ చెప్పిన మాటకు విలువిచ్చి ఇంత చేశారు. ఈ పొయ్యి ఆలోచన ఆమెదని మీ కమిటీలో చెప్పాడట మా ఉమాకాంత్. చెప్పడా మరి? వడోద్‌లో ఆమె మెస్సులో రెండేళ్లు మాతోపాటు తిన్నవాడే కదా."

జయంతీభాయ్ నవ్వు సగంలో ఆగింది. "ఆమె ఆలోచనా? ఇది ఉమాకాంత్‌భాయ్‌ది కదా. వాళ్ల నానమ్మ..."

ఉషాదేవి మొగుడి వైపు చూసింది. ఐదుగురూ చూశారు. చిన్నవ్వ చెయ్యి గిన్నె మీద ఆగిపోయింది. ఆమె అతని మెడలో దండను చూసింది, ముఖాన్ని చూసింది. మూడు రోజుల కిందటి మాట, నెల కిందటి మాట, అన్నీ ఒక్కసారిగా ఆమెకు అర్థమైపోవడం ఉమాకాంత్ కళ్లారా చూశాడు.

"నువ్వూకో పరుశురాం," అంది ఆమె. తర్వాత జయంతీభాయ్ వైపు తిరిగి హిందీలో అంది. "నేనే వద్దన్నాను సాబ్. నా పేరు ఎక్కడా తియ్యొద్దని సారుకు నేనే చెప్పాను."

ఉమాకాంత్‌కు తలకొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే బాగుండేది. గరిటె విసిరి ఉంటే ఇంకా బాగుండేది. తన పరువు కాపాడటానికి ఆ ముసలామె నలుగురిలో అబద్ధమాడింది. అదీ తన మనుషుల ముందు, తన పొయ్యి పక్కన నిలబడి.

లేచాడు. గుజరాతీలోనే చెప్పాడు, అందరికీ అర్థం కావాలని.

"ఆమె వద్దనలేదు. పేరు చెప్పమని అడిగింది. చెప్తానని మాటిచ్చి, మీ ముందు నాదని చెప్పాను. ఆమెకేమో చెప్పేశానని చెప్పాను. మా నానమ్మను నేను చూడనేలేదు. వడోద్‌లో ఈమె మెస్సులో రెండేళ్లు తిన్నాను. అది కూడా ఎవరికీ చెప్పలేదు. ఈ పొయ్యి ఆమెది. నేను దొంగిలించాను."

జయంతీభాయ్ లేచి, రెండు చేతులూ చాచి వచ్చి, అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు.

"చూశారా!" అన్నాడు అందరివైపూ తిరిగి. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. "ఈ కాలంలో ఇలాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడు? వంటమనిషికి పేరు రావాలని తనమీద దొంగతనం వేసుకుంటున్నాడు! దీన్నంటారు సంస్కారమని!"

చప్పట్లు మొదలయ్యాయి. "కాదు సార్, నిజంగానే..." అంటున్న అతని మాట ఆ మోతలో కలిసిపోయింది. పిల్లలు కూడా కొట్టారు, అభిషేక్ కట్టు కట్టుకున్న చేత్తోనే కొట్టాడు. కొట్టనిది ఉషాదేవి, వడోద్ నుంచి వచ్చిన ఐదుగురు, చిన్నవ్వ. ఉమాకాంత్‌కు ఆ చప్పట్లు చెంపల మీద పడుతున్నాయి. నిజం చెబితే సిగ్గు తీరుతుందనుకున్నాడు. నెల ఆలస్యంగా చెప్పిన నిజం అతనికే ఇంకో దండ వేసింది.

కాసేపటికి జయంతీభాయ్ ఉదారంగా ప్రకటించాడు, ఆదివారాలు అవ్వ పొయ్యి దగ్గర నిలబడవచ్చని, గెస్టులకు ఆమె నచ్చిందని. ఆ మాటైనా ముందుగా తనే చెప్పాలని ఉమాకాంత్ దండ తీసేసి వంటింట్లోకి నడిచాడు. మలి వాయికి గిన్నెలు చల్లార్చుకోవడానికి చిన్నవ్వ కుళాయి కింద పెట్టి నీళ్లు వదులుతోంది.

"ఆదివారాలు పొయ్యి నీదేనంట అవ్వా."

ఆమె ఇంకో గిన్నెను కుళాయి కిందికి జరిపింది.

"నువ్వెందుకట్లా అబద్ధం చెప్పావు? నన్ను నాలుగు తిట్టొచ్చు కదా."

"అన్నం ముంగట నిన్ను గట్ల సూడలేకపోయిన," అంది. కుళాయి కట్టేసి అతని వైపు తిరిగింది. "ఒక్కటి అడుగుత బిడ్డా, నిజం చెప్పు. నా పేరు తీయనీకి సిగ్గయిందా, నా మెస్సుల తిన్నందుకు సిగ్గయిందా?"

ఇక్కడ చప్పట్లు కొట్టేవాళ్లు లేరు. ఉమాకాంత్ నోట జవాబు ఎప్పుడో వడోద్‌లో వదిలేసిన యాసలోనే వచ్చింది.

"తిన్నందుకే అవ్వా. ముప్పై ఏండ్లాయె. తిన్నందుకే."

చిన్నవ్వ గిన్నెను తడిబట్టతో తుడుస్తూ తుడుస్తూ ఆగింది.

"నేను నీకు ఎన్నడన్న తక్కువ వెట్టిన్నా బిడ్డా?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. హాల్లో ఎవరి పిల్లో ఇంకొకటి కావాలని మారాం చేస్తోంది, గిన్నెలు తీసుకుని వెళ్లిపోయింది. ఉమాకాంత్ ఆమె కూర్చునే పీట మీద కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు.